కదలని బోల్టు – పాత బండి మరమ్మతు

పంచాయతీ సభ్యులకు బోల్టులతో పనియేమి అని కొందరు అడుగవచ్చును. పని కలదు. వేసవిలో నీటి ట్యాంకరు నిలిచిపోయినపుడు గ్రామస్థులకు మొదట జవాబు చెప్పవలసినవారు సభ్యులే. మరమ్మతు ఖర్చును సమావేశములో ఆమోదించువారును వారే. “మూడు బోల్టులు విప్పుటకు రెండు దినములా?” అని మెకానిక్కును నిలదీయువారును తరచుగా వారే. ఆ ప్రశ్నయందు ఎంతవరకు న్యాయమున్నదో తెలియవలెనన్నచో బోల్టు ఎందుకు బిగిసిపోవునో, దానిని ఎట్లు విప్పుదురో కొంత తెలిసియుండుట మంచిది.

హైదరాబాదు నగరములో శ్రీనగర్ కాలనీ అను పేట గలదు. దానికి ఒకవైపు ఎల్లారెడ్డిగూడ, అమీర్‌పేట. మరొకవైపు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట ఈ చుట్టుపట్ల అనేక నిర్మాణ సంస్థలు తమ కార్యాలయములను నెలకొల్పినవి. సారథీ స్టూడియో, అక్కినేని నాగేశ్వరరావుగారు 1970ల నడుమ స్థాపించిన అన్నపూర్ణ స్టూడియో ఈ పరిసరములలోనివే. నలుబది, ఏబది సంవత్సరముల క్రిందటి కథను చిత్రముగా తీయువారికి ఆ కాలపు బండ్లు కావలెను. కలెక్టరు దిగుటకు అంబాసిడరు, డాక్టరుగారికి ఫియట్, పోలీసులకు జీపు లేనిదే ఆ కాలము తెరపైకి రాదు. కాని ఉత్తరపారా కర్మాగారములో 1957లో మొదలైన అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. బొంబాయిలో తయారైన ఫియట్, తరువాతి పేరు పద్మిని, అంతకు ముందే 2000 సంవత్సర ప్రాంతమున నిలిచిపోయినది. ఇప్పుడు కనబడు అట్టి బండ్లన్నియు పాతవే.

ఈ సినిమా బండ్లకును మన నీటి ట్యాంకర్లకును ఒక పోలిక గలదు. రెండును ఏడాదిలో అధికభాగము కదలక నిలిచియుండును. అవసరము వచ్చినపుడు మాత్రము ఆ దినమే కావలెను. షూటింగు దినమున నూరుమంది కూర్చుండి ఎదురుచూతురు. వైశాఖమాసములో వీథి వీథియంతయు బిందెలతో ఎదురుచూచును. సరిగా ఆనాడే బోల్టు కదలదు. ఇది దురదృష్టము కాదు. తిరుగుచున్న బండి వేడెక్కి తేమను పోగొట్టుకొనుచుండును, మెకానిక్కు చేయి దానిపై పడుచుండును. చెట్టుక్రింద ఎనిమిది నెలలు నిలిచిన బండికి ఆ రెండును లేవు.

తెలంగాణలో 2019లో మొదలైన పల్లెప్రగతి కాలమున గ్రామపంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుకొన్నవి. నాడు క్రొత్తవియైన ఆ బండ్లు ఇప్పుడు తుప్పుపట్టు వయస్సునకు వచ్చినవి. అందుచేత పాత కారు మరమ్మతులో మెకానిక్కులు నేర్చిన విద్య ఇప్పుడు ప్రతి పంచాయతీకి అక్కరకు వచ్చును. కారు బోల్టునకును ట్రాక్టరు బోల్టునకును పరిమాణములోనే భేదము, స్వభావము ఒక్కటే.

బోల్టును మనము గట్టి మేకువలె భావింతుము. నిజమునకు అది స్ప్రింగు వంటిది. గడ్డిబండికి మోకు బిగించినపుడు మోకు సాగి గడ్డిని అదిమి పట్టునట్లు, నట్టు బిగించినపుడు బోల్టు కంటికి కనబడనంత సాగి రెండు భాగములను అదిమి పట్టును. అనగా బాగుగా ఉన్న బోల్టును విప్పుటకే కొంత బలము కావలెను. దానికి తుప్పు తోడైనచో పని కఠినమగును. ఇనుము తుప్పుగా మారినపుడు తాను మొదట ఆక్రమించిన చోటుకంటె రెండు మొదలు ఆరు రెట్లవరకు చోటు కోరును. మరల నడుమ ఆ చోటు లేదు. కావున తుప్పు రెండువైపులను ఒత్తి, ఆప్పు కొట్టినట్లు పట్టివేయును. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలియు, ఉప్పునీటి బోర్ల నీరు మోయు ట్యాంకర్లలో ఆ నీటి చుక్కలును ఈ పనిని త్వరపెట్టును. సైలెన్సరు గొట్టము బోల్టులు ప్రతిదినము ఎఱ్ఱగా కాగి చల్లారుచుండుటచే అన్నిటికంటె ముందు బిగిసిపోవును. ఫియట్ ఇంజను హెడ్డువంటి అల్యూమినియము భాగములలో ఉక్కు బోల్టున్నచో రెండు లోహముల నడుమ తేమ చేరి తెల్లని పిండివంటి పదార్థము పుట్టును. అదియు తుప్పు వలెనే పట్టును.

ఇక తల అరిగిన బోల్టుల సంగతి. దీనికి కారణము చాలవరకు తుప్పు కాదు, సరికాని పానా. ఈ విషయమున కొంత చరిత్ర చెప్పక తప్పదు.

1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు అను ఇంజనీరు మరలకు ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. అంతకు ముందు ఒక కర్మాగారపు నట్టు మరియొక కర్మాగారపు బోల్టునకు ఎక్కెడిది కాదు. విట్‌వర్తు మరకోణము 55 డిగ్రీలు. అమెరికావారు 60 డిగ్రీల కోణమును అనుసరించిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఈ రెండు దేశముల యంత్రములు ఒకే సేనలో పనిచేయవలసివచ్చి నట్లు కలియక పడిన చిక్కులు ఇంతింత కాదు. తత్ఫలితముగా 1948లో అమెరికా, బ్రిటను, కెనడా దేశములు ఏకీకృత మరల పద్ధతికి అంగీకరించినవి. అదియు అంగుళముల లెక్కయే. మన దేశములో మెట్రిక్ తూనికలు కొలతల చట్టము 1956లో వచ్చినది.

ఈ చరిత్ర అంతయు మన రోడ్లమీద తిరిగినది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినపుడు వచ్చిన ఆల్బియను బస్సులు బ్రిటనులో తయారైనవి; ఆ కాలపు బ్రిటిషు బండ్ల మరలు విట్‌వర్తు కోణమువి. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన తరువాత గ్రామములకు బ్లాకు అధికారులను తెచ్చిన విల్లీస్ జీపు అమెరికా అంగుళములది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునుండి పుట్టిన అంబాసిడరు అంగుళములది. ఇటలీనుండి వచ్చిన ఫియట్ మిల్లీమీటర్లది. అంతకంటె విచిత్రము మరియొకటి గలదు. 1990లలో అంబాసిడరునకు జపాను దేశపు ఇసుజు ఇంజను అమర్చిరి. అట్టి కారులో ఇంజను మిల్లీమీటర్లలోను, క్రింది భాగములనేకము అంగుళములలోను ఉండును! ఒకే బండికి రెండు పెట్టెల పానాలు కావలెను.

తెలియని పనివాడు ఏమి చేయునో చూడుడు. అరంగుళపు బోల్టు తల వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దానిపై చక్కగా కూర్చున్నట్లే తోచును. మిగిలిన సందు 0.3 మిల్లీమీటరు మాత్రమే. వదులు బోల్టయినచో దానితో పని జరిగిపోవును. బిగిసిన బోల్టుపై బలము చూపినంతనే ఆ సందులో పానా జారి ఆరు మూలలును గుండ్రనగును. ముప్పావు అంగుళమునకు 19 నంబరు పానా దాదాపు సరిపోవును, ఏలనన అది 19.05 మిల్లీమీటర్లు. ఆ ఒక్క అనుభవముచే “అన్నియు ఒక్కటే” అనుకొనువారు అరంగుళము వద్ద నష్టపోవుదురు. బిగిసిన బోల్టునకు నోరు తెరచియున్న పానా పనికిరాదు. రింగు పానాగాని, ఆరు మూలల సాకెట్టుగాని ఉండవలెను. సర్దుబాటు పానా సంగతి చెప్పనక్కరలేదు. బోల్టులకు దానివంటి శత్రువు లేదని మా అభిప్రాయము.

తిప్పు దిశయు తెలియవలెను. సాధారణముగా ఎడమకు తిప్పిన విడిపోవును. కాని కొన్ని పాత జీపులలో ఎడమవైపు చక్రముల మరలు ఎడమచేతివి. చక్రము తిరుగుడుకు నట్టు వదులుకాకుండుటకై అట్లు చేసిరి. స్టడ్డు చివరగాని నట్టుపైగాని “ఎల్” అను ఆంగ్లాక్షరమున్నదేమో ముందుగా చూడవలెను. అది చూడక ఎడమకు త్రిప్పి త్రిప్పి, విప్పుచున్నామనుకొనుచు బిగించి, చివరకు స్టడ్డును తెంపినవారు కలరు.

ఇప్పుడు అసలు పనికి వత్తము. మొదట వైరు బ్రష్షుతో మన్నును తుప్పును పోవునట్లు తోమి, బయటికి కనబడు మరలను శుభ్రపరుపవలెను. ఈ మరలపై మట్టి ఉన్నచో నట్టు సగము వచ్చి అక్కడ చిక్కుకొనును. పిమ్మట తుప్పు వదలించు నూనె వేయవలెను. దుకాణములలో డబ్బాలలో దొరకునది మేలు. లేనిచో కిరసనాయిలుగాని, డీజిలుగాని కొంతవరకు ఉపకరించును. పవర్ స్టీరింగునకు పోయు పలుచని నూనెలో సమభాగము ఆసిటోను కలిపి వాడు మెకానిక్కులును ఉన్నారు; అది బాగుగా ఇంకునుగాని సులభముగా మండును, అందుచేత బీడీ కాల్చువారిని దూరముగా ఉంచవలెను.

నూనె వేయుట ఒక నిమిషపు పని. ఇంకుట గంటల పని. మరల నడుమ సందు వెండ్రుకకంటె సన్నము. ఆ సందులో తుప్పును దాటి నూనె లోపలికి ప్రాకవలెను. సాయంత్రము వేసి, పడుకొనబోవు ముందు మరల వేసి, తెల్లవారి మరియొకసారి వేసిన నూనె చేయు పనిని ఇద్దరు మనుష్యుల బలము చేయజాలదు. నడుమ నడుమ బోల్టు తలపై సుత్తితో సూటిగా, మితమైన దెబ్బలు వేయవలెను. ఆ అదురునకు తుప్పు పగిలి నూనెకు దారి ఏర్పడును. దెబ్బ మరచివరపై పడినచో మరలు చితికిపోవును గనుక అక్కడ ఒక పాత నట్టు ఎక్కించి కొట్టవలెను.

పానా తగిలించిన తరువాత మొదట విప్పరాదు. కొంచెము బిగించు దిశలో కదలింపవలెను. చిరుచప్పుడుతో తుప్పు విరిగినట్లు చేతికి తెలియును. అప్పుడు విప్పు దిశకు పావుచుట్టు, మరల వెనుకకు, మరల ముందుకు. నూనె వేయుచు ఇట్లు ఆడించవలెను. ఒకే ఊపున లాగువాడు విరుచును. బలమునకు లెక్క గలదు. 25 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బలముతో లాగిన 5 కిలోగ్రాము-మీటర్ల తిప్పుడు పడును. అదే పానాకు గొట్టము తొడిగి మీటరు పొడవు చేసినచో 20 పడును. 8 మిల్లీమీటర్ల మంచి బోల్టును బిగించుటకు కావలసినది సుమారు రెండున్నర మాత్రమే. దానికి రెట్టింపైన నాటికే అది తెగుటకు సిద్ధముగా నుండును. పెద్ద చక్రపు నట్లకు గొట్టము న్యాయమే. చిన్న బోల్టునకు గొట్టము తొడుగుట దానిని తెంపుటకు చీటి వ్రాసియిచ్చుట.

నూనెకు లొంగనిదానికి వేడి పెట్టుదురు. వేడిని నట్టునకు పెట్టవలెనుగాని బోల్టునకు కాదు. 8 మిల్లీమీటర్ల నట్టు మూడువందల డిగ్రీలు వేడెక్కినపుడు పెరుగునది సుమారు 0.03 మిల్లీమీటరు. వెండ్రుక మందమంతయైనను కాదు. అయినను తుప్పు పట్టును వదలించుటకు అది చాలును. కొందరు వేడి నట్టుపై కొవ్వొత్తిని ఆనింతురు. కరగిన మైనము మరలలోనికి పాకి జారుడు కలిగించును. ఇది మంచి యుక్తి. ఎఱ్ఱగా కాల్చిన బోల్టు బలము తగ్గును గనుక దానిని తిరిగి బిగింపరాదు.

వేడి విషయమున సభ్యులు మెకానిక్కునకు ధైర్యముగా అడ్డుచెప్పవలసిన సందర్భములు కొన్ని గలవు. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు గొట్టములు, బ్రేకు రబ్బరు గొట్టములు, గ్యాసు సిలిండరు ఉన్నచోట మంట పెట్టరాదు. టైరు బిగించియుండగా చక్రపు నట్టును మంటతో కాల్చుట మిక్కిలి ప్రమాదకరము. టైరులోపలి రబ్బరు కాగి వాయువు పుట్టి, కొంతసేపటికి, ఒక్కొక్కప్పుడు మంట ఆర్పిన తరువాత, టైరు బాంబువలె ప్రేలును. గాలి తీసినను అపాయము పూర్తిగా పోదు. బ్రేకులు కడుగు ద్రావకములలో కొన్ని మంట తగిలినచో విషవాయువగును. ఇక బండిని జాకీపై నిలిపి, దాని క్రింద పరుండి, బిగిసిన బోల్టును బలముగా లాగుట మన ఊళ్ళలో నిత్యము కనబడును. ఆ లాగుటతోనే బండి జాకీపైనుండి జారును. దిట్టమైన ఇనుప స్టాండ్లపైగాని, వెడల్పైన కొయ్యదిమ్మలపైగాని బండి ఆనియుండవలెను. ఇటుకలు పగులును, వాటిని నమ్మరాదు. చక్రపు నట్లను చక్రము నేలపై ఉండగానే కదలించి, తరువాతనే జాకీ ఎత్తవలెను.

ఇంత చేసినను తల అరిగినదో, బోల్టు తెగినదో అయినచో వేరు ఉపాయములు గలవు. తల గుండ్రనైనదానికి ఒక నంబరు చిన్న సాకెట్టును సుత్తితో దిగగొట్టవచ్చును. లేక ఆకురాయితో తలకు రెండువైపుల చదును చేసి చిన్న పానా పట్టింపవచ్చును. నట్టయినచో ఉలితో నిలువుగా చీల్చుట సులభము. పది రూపాయల నట్టుకొరకు గంట పోరాడుట తెలివి కాదు. అన్నిటికంటె నమ్మదగినది అరిగిన తలపై క్రొత్త నట్టును ఉంచి లోపల వెల్డింగు చేయించుట. క్రొత్త నట్టుతో పానాకు పట్టు దొరకును, వెల్డింగు వేడికి తుప్పు వదలును. వెల్డింగు చేయించుటకు ముందు బ్యాటరీ తీగెలు విప్పుట మరువరాదు.

తెగిన బోల్టు పైకి కొంత మిగిలియున్నచో దానిపై రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి ఎదురు బిగించి, లోపలి నట్టును విప్పవలెను. మొత్తము లోపలనే తెగిపోయినచో అది ఓర్పుగల చేతి పని. తెగిన ముఖమును చదునుచేసి, సరిగా నడుమ పంచితో గుర్తు కొట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి క్రమముగా పెద్దది చేయుదురు. గుర్తు ఒక మిల్లీమీటరు ప్రక్కకు పోయినను డ్రిల్లు హెడ్డు మరను తినివేయును. ఆ రంధ్రములో ఎడమ మరగల ఎక్‌స్ట్రాక్టరు అను పనిముట్టును దిగగొట్టి విప్పువారు గలరు. సన్నని ఎక్‌స్ట్రాక్టరును బలముగా త్రిప్పరాదు. అది లోపల విరిగినచో అంత గట్టి ఉక్కును మామూలు డ్రిల్లు తొలువలేదు. చిన్న నష్టము పెద్దదగును. మర చెడినచో పని ముగిసినట్లు కాదు. 8 మిల్లీమీటర్ల సాధారణ బోల్టునకు 6.8 డ్రిల్లుతో రంధ్రము శుభ్రముచేసి ట్యాపుతో మర తిరిగి తీయవచ్చును. అదియు నిలువనిచో రంధ్రమును పెద్దదిచేసి హెలికాయిలు అను తీగెచుట్టను అమర్చుదురు. అల్యూమినియములో ఇట్లు అమర్చిన మర మొదటిదానికంటె గట్టిగా నుండును.

మెకానిక్కు రెండు దినములు అడిగినపుడు వాటిలో ఒకటి నూనె ఇంకుటకు పోవునని సభ్యులు గ్రహించినచో వాదము తగ్గును. ఒక రాత్రి ఆగినందున ఒక ట్రిప్పు నీరు తగ్గవచ్చును, దానికి అద్దె ట్యాంకరు తేవచ్చును. హెడ్డులో స్టడ్డు తెగినచో బండిని పట్నపు లేతు షాపునకు పంపవలసివచ్చును. అప్పుడు వారము పోవును. అయితే మెకానిక్కు చెప్పిన ప్రతిమాటను నమ్ముమని మేము చెప్పుట లేదు. తెగిన బోల్టులను, అరిగిన నట్లను చూపుమని అడుగుడు. “హెడ్డు మార్చవలెను” అన్నచో మర తిరిగి తీయుటకు వీలులేదా, హెలికాయిలు పట్టదా అని అడుగుడు. తెలిసినవాడు కారణము చెప్పును.

బండి వయస్సును కూడ లెక్కింపవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారము ప్రభుత్వ సంస్థల వాహనములు, వానితోబాటు పంచాయతీలవియు, మొదటి రిజిస్ట్రేషను నుండి 15 సంవత్సరములు నిండినచో వాటి రిజిస్ట్రేషను చెల్లదు. పదునాలుగవ ఏట ఉన్న బండికి భారీ మరమ్మతు ఆమోదించుటకు ముందు ఆర్.సి. పుస్తకము తెప్పించి చూడుడు. గ్రామస్థుల సొంత కార్లకు, జీపులకు ఈ నిబంధన వర్తింపదు. వారికి తనిఖీ, ఫిట్‌నెస్ నియమములు వేరుగా గలవు.

క్రొత్త బోల్టు కొనునపుడు తలపై అంకెలు చూడవలెను. 8.8 అని ఉన్నది సాధారణ ఇంజను పనులకు, 10.9 అని ఉన్నది అంతకంటె బలమైన పనులకు. అంగుళపు బోల్టులపై అంకెలకు మారుగా గీతలుండును: మూడు గీతలు ఐదవ గ్రేడు, ఆరు గీతలు ఎనిమిదవ గ్రేడు. ఏ గుర్తును లేని బోల్టు ట్రాలీ తలుపునకు పనికివచ్చునుగాని చక్రమునకు, స్టీరింగునకు, బ్రేకునకు, కమానుకట్టలకు పనికిరాదు. అంగుళపు బోల్టులు పల్లె దుకాణములలో దొరకనపుడు సికిందరాబాదు రాణీగంజ్‌లోగాని, విజయవాడ ఆటోనగర్‌లోగాని విచారింపవచ్చును. పాత బోల్టును చేతపట్టుకొని పోవుట మేలు. నోటిమాటగా “అరంగుళము” అన్నచో మర ఏదో దుకాణదారునకు తెలియదు. క్రొత్తదానిని మొదట చేతివ్రేళ్ళతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కించవలెను. వ్రేళ్ళకు ఎక్కని బోల్టును పానాతో ఎక్కించరాదు, అది వేరు మరదై యుండును.

బిగించుటకు ముందు మరలకు సన్నగా గ్రీజు పూసినచో వచ్చే సంవత్సరము విప్పువారు సుఖపడుదురు. సైలెన్సరు బోల్టులకు మామూలు గ్రీజు మాడిపోవును. రాగిపొడి కలిసిన గ్రీజు వాడవలెను. చక్రపు నట్లకు మాత్రము గ్రీజు పూయవద్దని చాలమంది తయారీదారులు చెప్పుదురు. గ్రీజు జారుడుచే అదే చేతిబలమునకు స్టడ్డు మితిమించి సాగును. వాటిని శుభ్రముగా తుడిచి, ఒకదానికెదురుగా ఒకటి చొప్పున బిగించి, బండి 50 మొదలు 100 కిలోమీటర్లు నడచిన తరువాత పానాతో మరల ఒకసారి చూచి, ఆ తేదీని మరమ్మతుల రిజిస్టరులో వ్రాయించుడు.